మెకానికల్ చదివి బిల్డింగ్ డిజైన్‌లో పడ్డా. ఇది ఇంజనీరింగేనా? తిరుపతిలోనే ఉండాలా, పోవాలా?

కొర్లగుంట కుర్రోడు:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2022లో ఇక్కడే తిరుపతిలో మెకానికల్ బీటెక్ అయింది. ఒక సంవత్సరం గేట్ అని కూర్చున్నా, ర్యాంకు రాలేదు, ఆ కథ వదిలేయండి. తర్వాత ఊళ్ళోనే ఒక చిన్న ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) కన్సల్టెన్సీలో చేరి పద్నాలుగు నెలలైంది. ఆఫీసులో ఆరుగురం. ఆర్కిటెక్టు దగ్గర్నుంచి ప్లాన్ వస్తే దాని మీద ఏసీ, వెంటిలేషన్, ప్లంబింగ్, ఫైర్ లైన్లు మేం వేస్తాం. తిరుపతి కదా, వచ్చేవన్నీ లాడ్జీలు, కల్యాణ మండపాలు, నర్సింగ్ హోములు. జీతం 18 వేలు.

ఇంట్లో సంగతి అడగొద్దు. మా నాయన వీధంతా మావాడు ఇంజనీరని చెప్పుకుంటాడు. మొన్న పుంగనూరులో పెళ్ళికి పోతే మా పెదనాయన పంక్తిలో అందరూ వింటుండగా "అబ్బోడా, మా ఇంట్లో ఏసీ నీళ్ళు కారతా ఉంది, సాయంత్రం స్క్రూడ్రైవర్ ఎత్తుకుని రా" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వేశా గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు బాధ అది కూడా కాదు. నేను చేసే పని ఏందంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆటోక్యాడ్‌లో డక్ట్ (ఏసీ గాలి గొట్టం) గీతలు, లేదంటే హీట్ లోడ్ షీటు, అంటే గదిలో వేడి ఎంతో, ఏసీ ఎంత కావాలో వేసే లెక్క. ఆ ఎక్సెల్ ఎవరు ఎప్పుడు తయారు చేశారో ఎవరికీ తెలీదు, పసుపు గడులు నింపితే కింద టన్నులు, అంటే ఏసీ సైజు, వస్తాయి. అది కూడా పేరుకే, ఎందుకంటే సార్ ముందే "120 చదరపు అడుగులకి ఒక టన్ను" అని లెక్కేసి ఉంటారు, షీటు దానికి సరిపోయేలా ఉండాలి. పోయిన నెల ఒక లాడ్జికి మాత్రం నేను పట్టుబట్టి గది గదికీ వేశా. అన్నీ 12 బై 14 గదులే. మధ్య అంతస్తులో తూర్పు గదికి 0.8 టన్ను వచ్చింది, పై అంతస్తులో పడమటి గదికి 1.3 వచ్చింది. సార్ ఈసారి తన 120 లెక్క కూడా పక్కన పెట్టి, ఓనరు అన్ని గదులకీ ఒకటే మోడల్ కొంటాడు, అన్నిటికీ 1 టన్ను రాసేయ్ అన్నారు. రాసేశా. మే నెలలో ఆ పడమటి గదిలో దిగే వాళ్ళ సంగతేంటని అప్పట్నుంచీ మనసులో గుచ్చుతోంది.

ఇప్పుడు నా ఫ్రెండొకడు శ్రీసిటీలో ఏసీలు తయారు చేసే ఫ్యాక్టరీలో ఉన్నాడు, 24 వేలు, బస్సు, క్యాంటీన్, వచ్చేయ్ రా అంటున్నాడు. ఇంకొకడు బెంగళూరులో కోడింగ్ కోర్సు చేరమంటున్నాడు. ఈ లైన్లో ఉండొచ్చా? ఉంటే చెన్నై పోవాలా? రెవిట్ (బిల్డింగ్ డ్రాయింగు సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా, హ్యాప్ (హీట్ లోడ్ లెక్క సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా? నిజం చెప్పండి, ఏమీ అనుకోను.

---

షాఫ్టులో చోటు లేదు:

తమ్ముడూ, మాది చిత్తూరు, ఉండేది బెంగళూరు, ఈ పనిలో 16 ఏళ్ళు. ముందు పెదనాయన ఏసీ సంగతి: అది డ్రెయిన్ ట్రే మూసుకుపోయి ఉంటుంది, పైపులో గట్టిగా నీళ్ళు కొట్టమను. అయిపోయింది. ఇక నీ ప్రశ్న.

ఇది మెకానికల్ కాదని నీకెవరు చెప్పారు? థర్మో, హీట్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్ మెకానిక్స్, కాలేజీలో భయపెట్టిన మూడు సబ్జెక్టులూ రోజూ వాడేది ఇక్కడే. ఫ్యాక్టరీకి పోయిన మీ ఫ్రెండు వాటిని మళ్ళీ తెరుస్తాడో లేదో నాకు అనుమానమే. కాకపోతే నువ్వు పసుపు గడులు నింపుతున్నావు కాబట్టి అది కనపడటం లేదు. ఒక వారం ఆ ఎక్సెల్ మూసేసి కాగితం మీద వెయ్యి. ఉదాహరణకి కల్యాణ మండపం తీసుకో, మీకు వారానికొకటి వస్తుంది కదా. 800 మంది కూర్చునే హాలు. ఊరికే కూర్చున్న మనిషి గంటకి సుమారు 350 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) వేడి వదుల్తాడు, అందులో 245 దాకా ఒంటి వేడి, మిగతాది చెమట, ఊపిరితో వచ్చే తేమ. ఒక టన్ను అంటే గంటకి 12,000 బీటీయూ. అంటే 34 మందికి ఒక టన్ను, 800 మందికి 23 టన్నులు, ఇంకా గోడ, పైకప్పు, లైట్ల లెక్క మొదలే కాలేదు. అంతమందికి బయటి గాలి 4,500 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) ఇచ్చావనుకో, 40 డిగ్రీల గాలిని 24కి దించడానికే ఇంకో 12 టన్నుల దగ్గరికి పోతుంది, తేమ ఖర్చు వేరే.

ఇప్పుడు అసలు ఇంజనీరింగ్ వస్తుంది చూడు. షీటులో ఇవన్నీ ఒకేసారి మధ్యాహ్నం మూడు గంటలకి కూడిపోతాయి. మన పెళ్ళిళ్ళలో మధ్యాహ్నం మూడింటికి హాల్లో 800 మంది ఉంటారా? భోంచేసి సగం మంది వెళ్ళిపోయి ఉంటారు, మిగిలిన సగం గదుల్లో పడుకుని ఉంటారు. హాలు నిండేది రాత్రి రిసెప్షన్‌కి, అప్పుడు ఎండ లేదు. పైగా డైనింగ్ హాల్లో ఉన్నవాడు అదే సమయంలో మండపంలో ఉండడు, కానీ రెండు హాళ్ళకీ విడివిడిగా పూర్తి జనం వేసి కూడినవాళ్ళని నేను చూశాను. సాఫ్ట్‌వేర్‌కి ముహూర్తాలు తెలీవు, అది నువ్వు చెప్పాలి. ఇందులోనే ఓనరుకి పది పదిహేను టన్నులు మిగుల్తాయి.

మీ సార్ చెప్పే 120 అడుగుల లెక్కని తిట్టకు. అది తప్పు కాదు, కాకపోతే వాడాల్సిన చోటు చివర. నువ్వు లెక్క వేశాక వచ్చిన టన్నుని చదరపు అడుగులతో పోల్చి చూస్తే 120కి బదులు 40 వచ్చిందనుకో, ఎక్కడో సున్నా ఎక్కువ పడిందని తెలుస్తుంది. ముందే దాన్ని పెట్టుకుని షీటుని దానికి వంచితే మాత్రం జాతకం కుదిరేదాకా పుట్టిన టైము మార్చినట్టు.

ఇంకోటి, పడమటి గదికి 1.3 వచ్చిందని అన్ని గదులకీ 1.5 పెట్టడం కూడా మంచిది కాదు, చాలామంది అదే చేస్తారు. నవంబర్‌లో మన దగ్గర వాన పట్టుకుంటే బయట ఎండ ఉండదు, తేమ మాత్రం బాగా ఉంటుంది. పెద్ద మెషీన్ అయిదు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది, తేమని లాగడానికి టైమే ఉండదు. లాడ్జీ గదుల్లో తలుపు తియ్యగానే ఒక తడి కంబళి వాసన వస్తుందే, దానికి కారణాల్లో ఇదొకటి. ఇన్వర్టర్ అయితే కొంచెం నయం, అదీ కొంచెమే. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లో మొదటి సిస్టమ్ డిజైన్ చేసింది మనుషుల కోసం కాదు, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం సాగి రంగులు పక్కకి పోతుంటే దాని కోసం. తేమ సంగతి అప్పుడే మొదటి ప్రశ్న. మనమే దాన్ని మర్చిపోయి చల్లదనం వెంట పడ్డాం.

చెన్నై పోవాలా అంటే, పో. మూడు నాలుగేళ్ళు. చిల్లర్ ప్లాంటు (చల్లటి నీళ్ళు తిప్పి బిల్డింగంతా చల్లబరిచేది), పెద్ద హాస్పిటల్, మాల్ ఇలాంటివి చేతిలో పడాలి. 7 డిగ్రీల నీళ్ళు పోయి 12 డిగ్రీలతో తిరిగొచ్చే సిస్టమ్ ఒకటి మొదట్నుంచి చివరి దాకా చేస్తే స్ప్లిట్ ఏసీ లాడ్జి ఎప్పుడూ బరువనిపించదు.

---

రేణిగుంట సైటు:

పై అన్న బాగా రాశాడు, బెంగళూరు ఏసీ ఆఫీసులో కూర్చుని. నేను డిప్లొమా, ఏసీ, పైపుల కాంట్రాక్టు, 22 ఏళ్ళుగా నిచ్చెన మీదే ఉన్నా. నా మాట వేరే.

డిజైన్ వాళ్ళ మీద నాకున్న కోపమంతా ఇక్కడ కక్కుతా, ఏమనుకోవద్దు. ఒక నర్సింగ్ హోములో, పేరెందుకులే, కన్సల్టెంటు డ్రాయింగులో ఇండోర్ యూనిట్ కారిడార్ ఈ చివర పెట్టి డ్రెయిన్ షాఫ్టు ఆ చివర పెట్టాడు. మధ్యలో 14 మీటర్లు. డ్రెయిన్ వాలు మీటరుకి సెంటీమీటరైనా ఉండాలి, అంటే ఆ చివరికి పోయేసరికి పైపు 14 సెంటీమీటర్లు దిగాలి. భీముకీ ఫాల్స్ సీలింగ్‌కీ మధ్య ఉన్న ఖాళీ 15, అందులోనే స్ప్రింక్లర్ పైపు, కేబుల్ ట్రే. కాగితం మీద గీత గీతే కదా, వాలు కనపడదు. ఫోన్ చేస్తే "సైటులో అడ్జస్ట్ చేసుకోండి" అన్నాడు. అడ్జస్ట్ చేశాం. మొదటి వానాకాలంలోనే సీలింగ్ షీటు తడిసి పేషెంటు బెడ్డు పక్కన ఊడి పడింది. డాక్టరు పిలిపించి తిట్టింది నన్ను, ఆయన్ని కాదు. ఇప్పటికీ ఆ వీధిలో పోవాలంటే నాకు మొహం చెల్లదు.

అందుకని తమ్ముడూ, రెవిట్టా హ్యాపా అని అడుగుతున్నావే, ముందు వాలు చూసే రసమట్టం పట్టుకోవడం నేర్చుకో. వారానికి ఒక రోజు సైటుకి రా. ఆదివారం అయినా సరే. నీ చేత్తో గీసిన డక్టు భీము కింద ఎలా నలిగిపోతుందో చూస్తే నువ్వే గీయడం మారుస్తావు.

ఇంకో సంగతి, అందరూ ఏసీ ఏసీ అంటారు గానీ తిరుపతి లాడ్జికి ప్రాణం వేన్నీళ్ళు. వేరే ఊళ్ళలో జనం ఏడింటికి లేచి స్నానం చేస్తారు, ఇక్కడ దర్శనానికి రాత్రి రెండింటికి, మూడింటికి అన్ని గదుల్లో ఒకేసారి ట్యాపు తిప్పుతారు. ఓనరు మేడ మీద సోలార్ పెట్టుంటాడు, సాయంత్రం దిగిన బస్సు వాళ్ళు ఆ నీళ్ళు ఊడ్చేసి ఉంటారు. కార్తీక మాసం వాన అయితే అసలు ఎండే లేదు. 60 గదులు, గదికి నలుగురు (నలుగురు అంటే ఆరుగురు అనుకో), మనిషికి 20 లీటర్ల వేన్నీళ్ళు, అంటే 4,800 లీటర్లు. 25 డిగ్రీల నుంచి 55కి తీసుకుపోవాలంటే సుమారు 167 యూనిట్ల కరెంటు పడుతుంది. గదికో 2 కిలోవాట్ల గీజరు పెడితే మూడింటికి అందరూ వేస్తే 120 కిలోవాట్లు ఒక్కసారి, ట్రాన్స్‌ఫార్మర్ ఏడుస్తుంది. హీట్ పంప్ పెట్టి పెద్ద ట్యాంకులో రాత్రి పది నుంచి మెల్లగా కాస్తే అదే నీళ్ళకి 55, 60 యూనిట్లు చాలు. హీట్ పంప్ అంటే తిరగేసిన ఏసీయే కదా, బయటి గాలి వేడిని లాగి నీళ్ళలో పెడుతుంది. కాకపోతే బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుంటే కాయిల్ మీద తెల్ల పొర కడుతుంది, సాఫ్టెనర్ లేకుండా పెట్టొద్దని రాయి. మొన్నటి దాకా నాకూ ఈ లెక్క తెలీదు, ఒక డిజైన్ అమ్మాయి సైటుకొచ్చి ఇటుక మీద కూర్చుని వేసి చూపించింది. అలాంటి ఇంజనీరు వస్తే నేను కుర్చీ వేస్తా.

---

బగ్స్ బన్నీ తిరుచానూరు:

అందరూ పెద్ద పెద్దగా రాశారు. 18 వేలు బ్రో. కోడింగ్ నేర్చుకో. నేనూ మెకానికలే, రెండేళ్ళయింది వదిలేసి, ఇప్పుడు నా మీద ఏ సీలింగూ ఊడి పడదు.

---

షాఫ్టులో చోటు లేదు:

@బగ్స్ బన్నీ, నీ జీతం నీకు మంచిదే, కాదనను. కాకపోతే రేపు నువ్వు ఆఫీసులో మధ్యాహ్నం నిద్రొచ్చి ఆవలిస్తుంటే అది ఫ్రెష్ ఎయిర్ తక్కువ పడిన మీటింగ్ రూమని మాలాంటి వాడొకడికి తెలుస్తుంది.

---

ఎస్వీయూ అక్క:

తమ్ముడూ, నేను ఎస్వీయూలో మెకానికల్, తర్వాత చెన్నైలో అయిదేళ్ళు పెద్ద కన్సల్టెన్సీలో చేశా. ఇప్పుడు మళ్ళీ తిరుపతిలోనే ఇంట్లో కూర్చుని హైదరాబాద్ ఆఫీసుకి ఎనర్జీ మోడలింగ్ (బిల్డింగ్ ఎంత కరెంటు తింటుందో కంప్యూటర్‌లో వేసే లెక్క) చేస్తున్నా. ఊరు వదలకుండా ఈ పని కుదురుతుంది, కాకపోతే ముందు వదిలితేనే కుదిరింది. ప్రతి రెండో శనివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో రావడం, ఆదివారం రాత్రి బస్సెక్కడం, అదొక అయిదేళ్ళు. సైటుకెళ్తే "మేడం ఇంటీరియరా?" అనేవాళ్ళు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత పంపు రూములోకి దిగి ప్రెషర్ గేజి చదివి చెప్తే వాళ్ళే మానుకున్నారు.

రెవిట్ గురించి ఒక మాట. రెవిట్ వస్తే చెన్నైలో ఉద్యోగం తొందరగా వస్తుంది, అది నిజం. కానీ లెక్క తెలీకుండా రెవిట్ మాత్రమే తెలిస్తే పదేళ్ళయినా వేరేవాళ్ళు చెప్పిన సైజులే గీస్తూ ఉంటావు. నాతో చేరినవాళ్ళలో నలుగురు అలాగే ఉండిపోయారు. హ్యాప్ నేర్చుకోవడం రెండు వారాల పని, అందులో ఏం నింపాలో తెలియడానికే ఏళ్ళు పడుతుంది. జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016, అదే ఎన్‌బీసీ, అందులో నాలుగో భాగం ఫైర్, ఎనిమిదో భాగం బిల్డింగ్ సర్వీసెస్, తొమ్మిదోది ప్లంబింగ్. రోజుకి నాలుగు పేజీలు చదువు. నిద్ర వస్తుంది, అయినా చదువు. ఫైర్ భాగం ముందు చదువు, ఎందుకంటే ఏసీ తప్పయితే గెస్టు తిడతాడు, అంతే. తర్వాత ఈసీబీసీ, అంటే భవనాల్లో కరెంటు ఆదా కోడ్. హాస్పిటల్ పని వస్తే ఆష్రే 170 (హాస్పిటళ్ళ వెంటిలేషన్‌కి అమెరికా వాళ్ళ ప్రమాణం) చూడు, ఆపరేషన్ థియేటర్‌కి గంటకి 20 సార్లు గాలి మారాలని, అందులో 4 సార్లు బయటి గాలి ఉండాలని, గది లోపల ప్రెషర్ పక్క గదుల కంటే ఎక్కువ ఉండాలని అందులో ఉంటుంది. ఓటీకి మామూలు స్ప్లిట్ ఏసీ పెట్టమని అడిగే ఓనర్లు ఇంకా ఉన్నారు, వాళ్ళకి "కుదరదు" అని చెప్పే ధైర్యం ఈ పేజీల వల్లే వస్తుంది.

ఇప్పుడు నీ పడమటి గది. అందరూ దాన్ని వదిలేశారు, నాకైతే నీ పోస్టులో అదే ముఖ్యం. నువ్వూ మీ సారూ 1 టన్నా 1.3నా అని టన్నుల దగ్గరే ఆగిపోయారు. ఆ 1.3 ఎక్కడ్నుంచి వచ్చిందో షీటులో విడదీసి చూడు. నా అంచనా, అందులో పెద్ద ముక్క పైకప్పుదే. ఆరంగుళాల కాంక్రీట్ స్లాబు, పైన ఏమీ లేదు, రోజంతా ఎండ. ఆ సైజు గదికి స్లాబు ఒక్కటే కిలోవాట్ పైన లోపలికి పంపుతుంది, అంటే దగ్గరదగ్గర మూడో వంతు టన్ను. స్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీటు పరిచి పైన వాలు కాంక్రీట్, తెల్ల టైల్స్ వేస్తే ఆ వేడి ఆరో వంతుకి పడిపోతుంది. అప్పుడు అదే గది 1 టన్ను దగ్గరికి వస్తుంది. కిటికీ మీద సజ్జా కాస్త పొడిగిస్తే ఇంకొంచెం. పడమటి ఎండ కిందగా వస్తుంది కాబట్టి సజ్జా ఒక్కటే ఆపదు, నిలువు ఫిన్ (కిటికీ పక్కన నిలబెట్టే అడ్డు పలక) కూడా అడుగు. ఓనరు అన్ని గదులకీ ఒకటే మోడల్ కొనుక్కోవచ్చు, మీ సార్ మాటా నిలబడుతుంది, గెస్టూ ఉడికిపోడు. స్లాబు ఇంకా పడకపోతే ఇప్పుడే చెప్పు, వాటర్ ప్రూఫింగ్ అయిపోయాక చెప్తే నీ మాట ఎవరూ వినరు.

మన అమ్మమ్మల మిద్దెలు గుర్తున్నాయా, మే నెలలో కూడా లోపల పడుకోగలిగేవాళ్ళం. మందపాటి మట్టి కప్పు. వాళ్ళకి ఎవరూ పసుపు గడులు ఇవ్వలేదు.

శ్రీసిటీ తప్పేం కాదు. డైకిన్, బ్లూస్టార్ రెండూ అక్కడ ఏసీలు తయారు చేస్తున్నాయి, మెషీన్ లోపల ఏముందో చూడాలంటే మంచి చోటు. కానీ నువ్వు రాసిన పోస్టు చదివితే నీకు మెషీన్ కన్నా గది మీద ధ్యాస ఎక్కువని నాకనిపించింది.

---

కొర్లగుంట కుర్రోడు:

అక్కా, అన్నలూ, నాలుగు రోజులు రిప్లై ఇవ్వలేదు, సారీ. ఆ షీటు విడదీశా. పైకప్పు 1.2 కిలోవాట్ ఉంది, నిజంగానే అన్నిటికంటే పెద్దది అదే. ఇన్నాళ్ళూ ఆ గడిలో నంబరు నేనే నింపుతూ ఒక్కసారి కూడా చూడలేదు.

స్లాబు పడింది గానీ వాటర్ ప్రూఫింగ్ కాలేదు. నిన్న సార్‌కి చూపించా. ముందు "ఇది ఆర్కిటెక్టు పని, మనకెందుకు" అన్నారు. పది నిమిషాల తర్వాత పిలిచి, ఇన్సులేషన్‌కి ఎంతవుతుంది, 1.5 టన్ను మెషీన్లకి ఎంత ఎక్కువవుతుంది, కరెంటు బిల్లు తేడా ఎంత, ఒక్క పేజీలో పెట్టు, సోమవారం ఓనరు దగ్గరికి నన్ను కూడా రమ్మన్నారు. పద్నాలుగు నెలల్లో ఓనరు మొహం చూడటం ఇదే మొదలు. టెన్షన్‌గా ఉంది.

చెన్నై సంగతి సంక్రాంతి తర్వాత చూస్తా, మా నాయనతో ఇంకా మాట్లాడలేదు. @బగ్స్ బన్నీ, కోర్సు లింకు మాత్రం పంపు, దాచుకుంటా.

@రేణిగుంట సైటు, అన్నా ఈ ఆదివారం వస్తే పర్వాలేదా? రసమట్టం నా దగ్గర లేదు.

---

రేణిగుంట సైటు:

రా. ఎనిమిదింటికల్లా రైల్వే గేటు దగ్గరుండు. రసమట్టం నేనిస్తా, నువ్వు బూట్లు వేసుకుని రా, చెప్పులతో వస్తే నిచ్చెన ఎక్కనివ్వను. మీ పెదనాయన అడిగిన ఆ స్క్రూడ్రైవర్ కూడా తెచ్చుకో, పనికొస్తుంది.